పాత కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు: లెక్క 75 వాట్ల దగ్గర మొదలవుతుంది

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళినా, చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్ళినా, బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్ళినా గ్రాఫిక్స్ కార్డు కొనబోయేవాళ్ళు మామూలుగా అడిగే మాట ఒకటే: ఈ డబ్బుకు ఏ కార్డు వస్తుంది? అడిగేవాళ్ళ ఇంట్లో ఉండేది ఏ ఆఫీసో వదిలించుకున్న డెల్ ఆప్టిప్లెక్సో, హెచ్‌పీ, లెనొవోల పాత డెస్క్‌టాపో, కాదంటే పదేళ్ళ కిందట షాపువాళ్ళు విడిభాగాలు తెచ్చి బిగించిన సిస్టమో. చేతిలో ఉండేది ఐదు వేలు, మహా అయితే పది. ప్రశ్న సహజమే. కానీ దాన్ని పట్టుకుని పోతే డబ్బు దండగ. ధరల పట్టీ చూసుకుంటూ బడ్జెట్ దగ్గర ఆగి తెచ్చిన కార్డు ఆ పెట్టెలో పట్టకపోవచ్చు. పట్టినా కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దాన్ని మోయలేకపోవచ్చు. మోసినా ప్రాసెసర్ పని అందించలేక కార్డును ఖాళీగా కూర్చోబెట్టవచ్చు. పాత మెషీన్‌కు ఏ కార్డు తగునో మన జేబు కన్నా ముందు ఆ మెషీనే చెబుతుంది. అది ఎంత కరెంటు ఇవ్వగలదు, ఎంత వేగంగా డేటా పంపగలదు, ఇంకా ఎన్నాళ్ళు పనికొస్తుంది అన్న మూడూ తేలాక మిగిలే కార్డులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

అసలు కార్డు కావాలా అన్నది వాటికన్నా ముందు తేలాల్సిన సంగతి. ఫోటోషాప్, కోరల్‌డ్రా, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ షాపులో సిస్టమ్ మొరాయిస్తోందంటే నూటికి తొంభై పాళ్ళు తప్పు పాత హార్డ్ డిస్కుది, చాలని ర్యామ్‌ది. అక్కడ ఒక ఎస్‌ఎస్‌డీ చేసే మేలులో పదో వంతు కూడా గ్రాఫిక్స్ కార్డు చేయదు. సంగతి తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. 2017 తర్వాతి విండోస్ 10లో టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్, మెమరీ, డిస్కుల పక్కనే జీపీయూ వాడకం కూడా కనిపిస్తుంది. విసిగించే పని ఏదో అది నడుపుతూ చూడాలి. డిస్కు నూరు శాతానికి అంటుకుని, జీపీయూ ఇరవై దగ్గర ఉంటే కార్డు ఆలోచన అక్కడితో మానుకోవచ్చు. యూట్యూబ్ విషయం కొంచెం వేరు. యూట్యూబ్ ఎక్కువగా వాడే వీపీ9 వీడియోను సొంత హార్డ్‌వేర్‌తో పూర్తిగా విప్పే శక్తి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు 2017లో ఏడో తరంతో వచ్చింది. అంతకు ముందువాటిలో ఆ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, 4కే వీడియో పెడితే ఆగి ఆగి నడుస్తుంది. అయితే 1080 దగ్గర చూసేవాళ్ళకు నాలుగు కోర్ల ఐ5 చాలు. ఇక నిజంగా కార్డు అవసరమయ్యేది మూడు రకాలవాళ్ళకు: ఆటలు ఆడేవాళ్ళకు, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళకు, బ్లెండర్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్ళకు. బ్లెండర్ 4.0 నుంచి ఓపెన్‌జీఎల్ 4.3 తప్పనిసరి అయింది. మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌కు విండోస్‌లో అది లేదు. అలాంటి చోట కార్డు లేకుంటే ప్రోగ్రామే సరిగా నడవదు.

ఇప్పుడు కరెంటు సంగతి. మదర్‌బోర్డు మీద కార్డు బిగించే పొడవాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. అంతకు మించి కావాల్సిన కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే వైరు రావాలి. ఆరు పిన్నుల వైరు మరో 75 వాట్లు, ఎనిమిది పిన్నులది 150 వాట్లు అందిస్తాయి. ఆఫీసు డెస్క్‌టాపుల్లో సాధారణంగా ఆ వైర్లే ఉండవు. ఉదాహరణకు ఆప్టిప్లెక్స్ 9020 టవర్‌లో ఉండేది 290 వాట్ల సప్లై, చిన్న పెట్టె రకంలో 255. తీసేసి పెద్దది పెడదామంటే ఆ బోర్డుకు అందరి దగ్గరా దొరికే 24 పిన్నుల కనెక్టర్ కుదరదు. డెల్ తన సొంత పద్ధతిలో ఎనిమిది పిన్నులు పెట్టింది, కన్వర్టర్ వెతుక్కోవాలి. స్థానికంగా బిగించిన సిస్టమ్‌లలో చిక్కు మరో రకం. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంటుంది. దాన్ని నమ్మకుండా పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల గడి చూడాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేది దాదాపు అంతా ఆ 12 వోల్టుల లైను నుంచే. అక్కడ 14 ఆంపియర్లు అని రాసి ఉంటే 12తో హెచ్చవేస్తే వచ్చేది 168 వాట్లు. ఆ 450 సంగతి అంతే. నాలుగో తరం ఐ5-4570 ఒక్కటే 84 వాట్ల ప్రాసెసర్. దానికి 75 వాట్ల కార్డు కలిపితే 159, ఫ్యాన్లు, డిస్కులు, బోర్డు కలిస్తే రెండొందలు దాటుతుంది. డెల్‌వారి 290 వాట్లు దీన్ని సునాయాసంగా మోస్తాయి; 450 అని రాసుకున్న ఆ చౌక డబ్బా మోయదు. పాత హార్డ్ డిస్కు వైరు నుంచి ఆరు పిన్నులు లాగే కన్వర్టర్లు వంద రూపాయలకే దొరుకుతాయి కదా అంటారు. కనెక్టర్ మారినంత మాత్రాన సప్లైలో లేని శక్తి పుట్టుకురాదు. వైరు వేడెక్కి ప్లాస్టిక్ కరిగాక నష్టపోయేది కార్డొక్కటే కాదు.

కాబట్టి 75 వాట్ల గీత లోపలే ఉండాలి. ఇక్కడే మార్కెట్ అతి చౌక కార్డును ముందుకు తోస్తుంది: జీటీ 710, జీటీ 730. కొత్తవి, సీలు పెట్టినవి, వారంటీ ఉన్నవి, డబ్బా మీద 4 జీబీ అని మెరిసే అక్షరాలు. తక్కువ బడ్జెట్‌లో అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. జీటీ 730 వచ్చింది 2014లో. ఒకే పేరు మీద మూడు రకాల చిప్పు, మెమరీ కలయికలు అమ్ముడయ్యాయి. వాటిలో ఒకటి ఇంకా పాత ఫెర్మీ తరానిది. ఎక్కువగా కనిపించే 64 బిట్ల డీడీఆర్3 రకం మెమరీ సెకనుకు 14.4 జీబీ డేటా మాత్రమే కదుపుతుంది. నాలుగో తరం ఐ5లో రెండు స్లాట్లలోనూ ఒకే రకం డీడీఆర్3-1600 ర్యామ్ ముక్కలు పెడితే ఆ మామూలు ర్యామే సెకనుకు 25.6 జీబీ కదుపుతుంది. ప్రాసెసర్‌తో పంచుకోవాల్సిందే అయినా, ఇంట్లో ఉన్న ర్యామ్ కన్నా నెమ్మది మెమరీని డబ్బు పెట్టి కొనుక్కోవడం ఏం లెక్క? అంత సన్నని దారిలో 4 జీబీ పెట్టినా 2 జీబీ పెట్టినా ఆటలో తేడా రాదు, ఆ అంకె డబ్బా అమ్ముకోవడానికే. ఒకే ర్యామ్ ముక్కతో నడుస్తున్న సిస్టమ్‌కు రెండో ముక్క జోడిస్తే లోపలి గ్రాఫిక్స్‌కు దారి రెట్టింపవుతుంది. ఆ ఖర్చు జీటీ 730 ధరలో చిన్న భాగం. పైగా జీటీ 710, మిగతా జీటీ 730 రకాలు చెందిన కెప్లర్ తరానికి ఎన్విడియా 2021 అక్టోబరులో కొత్త డ్రైవర్లు ఆపేసింది, భద్రతా సవరణలు కూడా 2024 సెప్టెంబరుతో ముగిశాయి. షాపు వారంటీ మూడేళ్ళున్నా తయారీదారు డ్రైవర్ ఇవ్వనప్పుడు ఆ వారంటీ కాపాడేది ఇనుప ముక్కనే.

వాలరెంట్ ఆటకు రయట్ కంపెనీ ప్రకటించిన అవసరాల్లో సెకనుకు 60 ఫ్రేములకు జీటీ 730 పేరే ఉంది కదా, ఇంత కఠినంగా ఎందుకు అనవచ్చు. నిజమే, ఉంది. అదే పట్టికలో కనీస అవసరం కింద, సెకనుకు 30 ఫ్రేములకు, ఇంటెల్ హెచ్‌డీ 4000 ఉంది. అది మూడో తరం ప్రాసెసర్లతో వచ్చిన గ్రాఫిక్స్. నాలుగో తరంలోని హెచ్‌డీ 4600 దానికన్నా మెరుగు. అంటే ఉన్నదానికీ జీటీ 730కీ మధ్య దూరం తక్కువ, ఆ దూరం దాటించేదీ ఒకటి రెండు తేలిక ఆటల్లోనే. ఆ పట్టికే 144 ఫ్రేములకు చెప్పిన పేరు జీటీఎక్స్ 1050 టీఐ. కొనదగ్గ కార్డులు అక్కడి నుంచి మొదలవుతాయి. మధ్యలో జీటీ 1030 ఉంది గానీ, దాని కథా పేర్ల గందరగోళమే. 2017లో జీడీడీఆర్5 మెమరీతో సెకనుకు 48 జీబీ వేగంతో వచ్చింది. మరుసటి ఏడాది అదే పేరుతో డీడీఆర్4 రకం వదిలారు, దాని వేగం 16.8. పేరు చూసి కొన్నవాడికి మూడో వంతు చేతికొచ్చింది.

గీత లోపల నిలబడేవి నాలుగు. 2016లో 139 డాలర్లకు వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐకి 4 జీబీ మెమరీ, సెకనుకు 112 జీబీ వేగం. 2019లో 149 డాలర్లకు వచ్చిన జీటీఎక్స్ 1650కి 128 జీబీ. రెండూ స్లాటు ఇచ్చే కరెంటుతోనే నడుస్తాయి. అయితే కొన్ని కంపెనీల మోడళ్ళు వేగం కొంచెం పెంచి ఆరు పిన్నుల కనెక్టర్ పెట్టాయి, అందుకని కార్డు అంచు చూసి తీసుకోవాలి. 2022లో వచ్చిన ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400కి 53 వాట్లు చాలు; అది అంతటితోనే సరిపెట్టుకుంటుంది, చిన్న పెట్టెల్లో పట్టే సగం ఎత్తు రకాల్లో దొరుకుతుంది. చూడ్డానికి పాత మెషీన్ కోసమే చేసినట్టుంటుంది. లోపల మాత్రం పాత మెషీన్‌కు సరిపడని కోత ఒకటి ఉంది. కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే పదహారు దారులు ఉండాల్సిన చోట నాలుగే పెట్టారు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 బోర్డు మీద ఆ నాలుగు దారుల్లో సెకనుకు దాదాపు 8 జీబీ వెళ్తుంది. నాలుగో తరం ఇంటెల్ బోర్డు 3.0 కాబట్టి అక్కడ 4, రెండో తరం బోర్డు 2.0 కాబట్టి అక్కడ 2. కార్డు మెమరీ 4 జీబీయే గనుక ఆట దాన్ని నింపేసిన ప్రతిసారీ ఆ సన్నని దారిలోంచే మిగతాది తెచ్చుకోవాలి, బొమ్మ తటపటాయిస్తుంది. దీనికి వీడియో ఎన్‌కోడర్ కూడా లేదు. పెళ్ళి వీడియో ఎడిటర్‌కు కార్డు కొనడంలో ముఖ్య ప్రయోజనం గంటల ఫుటేజీని త్వరగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవడమే. ప్రీమియర్ ప్రోలో 2020 నుంచి ఎన్విడియా ఎన్‌కోడర్ వాడుకునే వీలుంది. 1050 టీఐ, 1650లలో అది ఉంది. ఆర్‌ఎక్స్ 6400లో లేదు, జీటీ 1030లోనూ లేదు. వీడియో పనివాళ్ళు ఆ రెండింటినీ ముట్టుకోకపోవడం మేలు. నాలుగోది 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. 70 వాట్లు, సెకనుకు 168 జీబీ, అదనపు వైరు అక్కర్లేదు. (అదే పేరుతో అంతకు ముందే వచ్చిన 8 జీబీ రకానికి 130 వాట్లు కావాలి.) నాలుగింటిలో శక్తిమంతమైనది ఇదే, ధరా అలాగే ఉంటుంది. ఇంటెల్ ఆర్క్ ఏ380 కూడా 75 వాట్లదే అయినా రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని బోర్డు మీద దాని వేగం బాగా పడిపోతుంది. పదో తరం ప్రాసెసర్ గానీ ఆపైది గానీ ఉండాలని ఇంటెలే చెబుతోంది. పాత మెషీన్ల చర్చలో దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

సెకండ్ హ్యాండ్ కొనడమంటే జూదమని, మైనింగ్‌లో రాత్రింబవళ్ళు కాలిపోయిన కార్డులే మార్కెట్లో తిరుగుతున్నాయని గట్టి అభ్యంతరం ఉంది. అందులో నిజం లేకపోలేదు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారడంతో మైనింగ్‌లో ఉన్న కార్డులు గుట్టలుగా బయటికొచ్చాయి. అయితే ఏ కార్డులు వచ్చాయో చూడాలి. ఈథీరియమ్ మైనింగ్‌కు కార్డు మెమరీలో నిలవాల్సిన ఫైలు 2020 చివరికే 4 జీబీ దాటిపోయింది. అంతటితో 4 జీబీ కార్డులు ఆ పరుగులోంచి తప్పుకున్నాయి. మైనర్లు ఎగబడి కొన్నవి ఆర్‌ఎక్స్ 570, 580 వంటి 8 జీబీ కార్డులు, అంతకన్నా పెద్దవి. అవన్నీ 75 వాట్ల గీత అవతలివి. 1050 టీఐ, 1650లు ఎక్కువగా ఇళ్ళలో ఆటలకు తిరిగినవే. అందుకే గీత లోపల ఉండిపోయేవాడికి ఈ భయం సగానికి తగ్గుతుంది. అతనికి అసలు ప్రమాదం దొంగ కార్డు. 2010 నాటి జీటీఎస్ 450 లాంటి చిప్పుల బయోస్ మార్చి 1050 టీఐ అని అమ్మడం చాలా ఏళ్ళుగా జరుగుతోంది, విండోస్‌లో కూడా ఆ దొంగ పేరే కనిపిస్తుంది. కంటితో పట్టుకునే గుర్తు ఒకటుంది. 1050 టీఐ చెందిన పాస్కల్ తరం నుంచి ఎన్విడియా అనలాగ్ అవుట్‌పుట్ తీసేసింది, కాబట్టి అసలు 1050 టీఐకి నీలిరంగు వీజీఏ పోర్టు ఉండదు. ఉంటే అక్కడే వదిలేసి రావాలి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ షాపులోనే నడిపితే చాలా దొంగ కార్డుల పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. ఆ తర్వాత పావుగంట బరువైన ఆట ఏదైనా నడిపి చుక్కలు, గీతలు వస్తున్నాయా, ఫ్యాన్ గరగరలాడుతోందా చూసుకోవాలి. ఇవి చూడనివ్వని షాపులో బేరమాడటం అనవసరం. వీజీఏ పోర్టు లేకపోవడం వల్ల పాత మానిటర్‌వాళ్ళకు మరో చిన్న ఖర్చు తప్పదు, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కొనాలి. 

75 వాట్ల గీతకు ఎదురుగా నిలిచే మంచి వాదన ఇంకొకటుంది. ఇప్పుడే మంచి ఎస్‌ఎంపీఎస్, ఆర్‌ఎక్స్ 580 లాంటి పెద్ద కార్డు తీసుకుంటే రేపు కొత్త సిస్టమ్‌లోకి రెండూ మార్చుకోవచ్చు, డబ్బు వృథా కాదు అని. సగం ఒప్పుకోదగ్గ మాట. మంచి సప్లై పదేళ్ళు ఉంటుంది, నాలుగు సిస్టమ్‌లు మారినా పనికొస్తుంది. కార్డు అలా కాదు. 2017 నాటి 185 వాట్ల కార్డును రెండేళ్ళ తర్వాత కొత్త మెషీన్‌లో పెట్టేసరికి దానికి డ్రైవర్ల ఊపిరి ఉండదు. ఆర్‌ఎక్స్ 580 చెందిన పోలారిస్ తరాన్ని ఏఎండీ 2023లోనే ప్రధాన డ్రైవర్ల వరుసలోంచి పక్కకు తప్పించింది. ఈలోగా పాత ఐ5 దాని శక్తి మొత్తం వాడుకోలేదు. ముందుకు మోసుకుపోదగ్గది ఎస్‌ఎంపీఎస్ మాత్రమే, అదీ మామూలు 24 పిన్నుల బోర్డు ఉన్నవాళ్ళకు. ఆఫీసు పెట్టెలవాళ్ళకు కన్వర్టర్ దొరికితే తప్ప ఆ దారి కూడా లేదు.

అసలు ఈ పాత పెట్టె మీద డబ్బెందుకు, ఉన్నది అమ్మి కొత్తది కొనుక్కోవచ్చు కదా అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. అంటే నాలుగో తరం మెషీన్‌కు మిగిలింది పొడిగించిన భద్రతా సవరణలతో నెట్టుకురావడమో, లినక్స్‌కు మారడమో. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చడం కుదరదు, ఖర్చు హద్దు దీన్ని బట్టే గీయాలి. ఆయువు తక్కువున్న మెషీన్ మీద, దాన్ని ఈరోజు అమ్మితే వచ్చే ధర కన్నా ఎక్కువ పెట్టి కార్డు కొనడం తగదు. ఆ హద్దు పెట్టుకుంటే కొత్త ఆర్‌టీఎక్స్ 3050 నాలుగో తరం మెషీన్‌కు వద్దని తేలిపోతుంది. అలాగని కొత్త మెషీన్ చౌకగా వస్తుందనీ కాదు. రైజెన్ 5 5600జీ వంటి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ తీసుకున్నా బోర్డు, డీడీఆర్4 ర్యామ్ కొత్తగా కొనాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో బాగా పెరిగిపోయాయి. అంతా చేశాక దొరికే గ్రాఫిక్స్ బలం 1050 టీఐ కన్నా తక్కువే. ఆటల కోసమే మార్చాలనుకునేవాడికి అది లాభసాటి కాదు. మెషీన్ మొత్తం నెమ్మదించినవాడికి లాభమే. రెండో తరం, అంతకు ముందు ప్రాసెసర్లు ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు కార్డు మీద ఒక్క రూపాయి పెట్టకుండా ఆ డబ్బు కొత్త మెషీన్‌కు దాచుకోవడమే సరైన పని.

1050 టీఐ, 1650 మధ్య తీర్పు కూడా డ్రైవర్లే చెబుతాయి. పాస్కల్ తరానికి ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆటల డ్రైవర్లు ఆపేసింది, ఇక 2028 అక్టోబరు వరకు మూణ్ణెల్లకోసారి భద్రతా సవరణలే వస్తాయి. 1650 ట్యూరింగ్ తరానిది, దానికి ఆ గండం ఇంకా రాలేదు. ధరలో వెయ్యి, పదిహేను వందల తేడా ఉన్నా 1650 వైపే మొగ్గాలి. నాలుగు నుంచి ఏడో తరం టవర్లకు అదనపు కనెక్టర్ లేని సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1650 సరైన కార్డు. చిన్న పెట్టెలకు అదే కార్డు సగం ఎత్తు రకం తీసుకోవాలి, అయితే అది రెండు స్లాట్ల మందం ఉంటుంది గనుక స్కేలుతో కొలుచుకుని వెళ్ళాలి. పట్టకపోతే ఆటలకు మాత్రమే ఆర్‌ఎక్స్ 6400. ఎనిమిదో తరం, ఆపైన ఉండి కొత్తదే కావాలనుకునేవాళ్ళకు ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. షాపువాళ్ళు మరే డబ్బా చూపించినా సరే, షాపుకు వెళ్ళేముందు క్యాబినెట్ పక్క తలుపు తీసి ఎస్‌ఎంపీఎస్ లేబుల్‌ను, ఖాళీ స్లాటును ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్ళండి. బేరం ఆ రెండు ఫోటోలు ముందు పెట్టి మొదలుపెట్టండి.